నాచోస్‌కి సున్నా, లేన్లకి పదికి పది

ముందే చెప్పేస్తున్నా, పేరు రాయట్లేదు. తిట్టేవి కూడా బోలెడున్నాయి, పేరు పెట్టి తిట్టడం ఎందుకులే అని. డాలస్‌కి ఉత్తరం వైపు ఉండేవాళ్లలో కొంతమంది రెండు పేరాలు చదవగానే గుర్తుపట్టేస్తారు, పట్టినవాళ్లు మనసులోనే ఉంచుకోండి. పాత బౌలింగ్ సెంటర్, బయట బోర్డులో రెండు అక్షరాలు వెలగవు, లోపలికెళ్తే 1980ల వాసన కొడుతుంది. నేను మూడేళ్ల నుంచి గురువారం రాత్రి లీగ్ అక్కడే ఆడుతున్నా. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా, ఆ పోయిన ఒక్క స్టార్ ఎందుకు పోయిందో ముందు చెప్పేసి తర్వాత అసలు విషయానికొస్తా.

నాచోస్. అట్టముక్కల మీద పసుపు రంగు పెయింట్ పోసినట్టు ఉంటాయి. వెజ్ తినేవాళ్లకి చీజ్ పిజ్జా, ఫ్రైస్, అంతే, మూడో ఐటెం అడిగితే కౌంటర్ అమ్మాయి ఆలోచించి ఆలోచించి 'కెచప్' అంది ఒకసారి, జోక్ చేసిందో నిజంగానే అందో ఇప్పటికీ తెలీదు. అద్దె బూట్లు లోపల స్ప్రే కొట్టిచ్చినా సరే తడిగా తగుల్తాయి, సొంతవి కొనుక్కోండి. కార్పెట్ చిరిగి టేపు వేసి ఉంటుంది. స్కోర్ స్క్రీన్ నాలుగైదు లేన్లకి మసకమసకగా ఉంటుంది, స్ట్రైక్ (ఒకే బంతికి పది పిన్లూ పడటం) పడితే టర్కీ కోడి డాన్స్ చేసే ఆ యానిమేషన్ నేను అమెరికా వచ్చినప్పటి నుంచి మారలేదు. బాత్రూం గురించి ఏం చెప్పను, ఉంది. పిల్లల బర్త్‌డే పార్టీ పెట్టుకోవాలనుకుంటే దయచేసి వేరే చోటు చూసుకోండి, ఫోటోల్లో బాగోదు, ఇంట్లో తిట్లు తింటారు.

మరి నాలుగు స్టార్లు దేనికీ అంటే, కింద. అంటే నేల. బంతి దొర్లే లేన్లు. అక్కడ మెకానిక్ పెద్దాయన ఒకాయన ఉన్నాడు, డెబ్భైకి దగ్గర్లో ఉంటాడు, మాలో మేము తాత అంటాం, ఆయనకి తెలీదు. ఆ తాత ఆ లేన్లని చూసుకునే తీరు చూశాక నాకు మిగతా ఏ బౌలింగ్ సెంటర్‌కెళ్లినా ముందు కళ్లు కిందకే పోతున్నాయి, లైట్లు సోఫాలు కనపడటం మానేశాయి.

ఇంతకుముందు మేం వేరే చోటికెళ్లేవాళ్లం, కొత్తగా కట్టింది, ఎల్‌ఈడీ లైట్లు, ఆర్కేడ్, లేజర్ ట్యాగ్, కుర్చీలో కూర్చుంటే ఆర్డర్ తీసుకునే వెయిటర్లు, పన్నీర్ టాకో కూడా ఉంది మరి. బౌలింగ్ మాత్రం అక్కడ ఒక వంక. ఎడమ వైపు లేన్‌లో వేసిన బంతి ఒకలా వెళ్లేది, కుడి వైపు లేన్‌లో సేమ్ బంతి సేమ్ స్పీడ్ వేరేలా వెళ్లేది, అప్రోచ్ (బంతి వేసే ముందు మనం నడిచొచ్చే చోటు) మీద ఎవరో సోడా ఒలకబోసి సరిగ్గా తుడవకపోతే స్లయిడ్ అయ్యే కాలు టక్కున ఆగిపోయి ఒకసారి నా మోకాలు మడతపడింది. చెబితే మేనేజర్ కుర్రాడు 'సారీ సర్, ఫ్రీ ఆర్కేడ్ కార్డ్ ఇస్తాం' అన్నాడు. మోకాలికి ఆర్కేడ్ కార్డ్ ఏంటి నాయనా.

సరే మన వాళ్లూ తక్కువ తినలేదు. మా టీంలో కరీంనగర్ అన్న ఒకాయన, మంచి క్యారమ్స్ ప్లేయర్, ఇక్కడ కాలు జారట్లేదని బ్యాగ్‌లోంచి బేబీ పౌడర్ డబ్బా తీసి అప్రోచ్ మీద చల్లేశాడు, క్యారమ్ బోర్డు మీద చల్లినట్టే, ఇంకా వేలితో పాముతున్నాడు కూడా. తాత ఎక్కడినుంచి చూశాడో మెషిన్ల వెనక నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. అరవలేదు గానీ ఆ మొహం చూస్తే అరిచినా బాగుండు అనిపించింది. ఆ పౌడర్ ఒకరికి జారుడు, వెనకొచ్చే ఇంకొకరికి ప్రమాదం, అక్కడినుంచి బూట్లకి అంటుకుని లేన్ మీదకెళ్తే నూనెలో కలిసి పేస్ట్ అవుతుంది. లీగ్ రూల్స్‌లోనే ఉంది, అప్రోచ్ మీద టాల్కం పౌడర్ లాంటివి వేయకూడదని. అన్న పాపం ఆ రాత్రంతా తాతకి కనపడకుండా తిరిగాడు. తర్వాత వారం నుంచి ఇద్దరూ దోస్తులు, ఇప్పుడు తాతకి క్యారమ్స్ నేర్పిస్తా అంటున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన ఎండాకాలం లీగ్ సీజన్ మొదలవ్వకముందు లేన్ ఇన్‌స్పెక్షన్ జరుగుతుంటే నేను అక్కడ ఉన్నా. ఉన్నా అంటే ఊరికే ప్రాక్టీస్‌కి వెళ్తే లేన్లు ఇవ్వం, ఈరోజు చెకింగ్ ఉంది అన్నారు, వచ్చిన వాలంటీర్లలో ఒకాయన మా లీగ్ సెక్రటరీనే, 'ఖాళీగా ఉంటే ఈ పేపర్ పట్టుకుని నంబర్లు రాస్తావా' అన్నాడు. రాశా. మూడు గంటలు. నా లైఫ్‌లో బెస్ట్ శనివారాల్లో అదొకటి అంటే మా ఆవిడ నమ్మదు.

తెలీనివాళ్లకి రెండు ముక్కలు. ఇక్కడ బౌలింగ్‌కి రూల్స్ పెట్టేది యూఎస్‌బీసీ, యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్, దాని హెడ్ ఆఫీస్ మన ఆర్లింగ్టన్‌లోనే ఉంది, కౌబాయ్స్ స్టేడియం ఉన్న ఊరే. పాత అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ 1895లో న్యూయార్క్‌లో పెట్టారు, అప్పట్లో ఊరికో కొలత, సెంటర్‌కో రూలు ఉంటే ఇలా కాదని అందరూ కూర్చుని ఒక లెక్కకొచ్చారు, 2005లో అదీ ఆడవాళ్ల కాంగ్రెసూ పిల్లలదీ అన్నీ కలిపి యూఎస్‌బీసీ చేశారు. సెంటర్‌కి వీళ్ల సర్టిఫికెట్ ఉంటేనే లీగ్‌లో మనం కొట్టిన స్కోర్లు, యావరేజ్‌లు రికార్డుకెక్కుతాయి. అది లేని చోట 300 (ఒక గేములో అంతకు మించి లేదు) కొట్టినా ఇంట్లో చెప్పుకోవడానికే. అందుకని ఏటా లోకల్ అసోసియేషన్ వాళ్లు వచ్చి కొలుస్తారు. జీతాలు తీసుకునే ఇన్‌స్పెక్టర్లేం కాదు, మా ఊళ్లో వచ్చినవాళ్లలో ఒకాయన రిటైర్డ్ పోస్ట్‌మాన్, ఒకావిడ స్కూల్ టీచర్.

కొలతలు వింటే మనకి ఇల్లు కట్టించిన రోజులు గుర్తొస్తాయి. ఫౌల్ లైన్ (బంతి వేసేటప్పుడు దాటకూడని గీత) నుంచి మొదటి పిన్ మధ్య దాకా 60 అడుగులు, అటూ ఇటూ అర అంగుళం వదిలేస్తారు. వెడల్పు 41న్నర అంగుళాలు, అక్కడా అర అంగుళమే. లేన్ మీద 39 బోర్డులు (పొడుగునా సాగే సన్న పట్టీలు), ఒక్కోటి అంగుళం చిల్లర, మనం గురి పెట్టేది వీటి లెక్కలోనే, 'పదో బోర్డు మీద వెయ్యి, పదిహేను మీద వెయ్యి' అని. గట్టర్ (లేన్ పక్కన ఉండే కాలువ) కనీసం 9 అంగుళాల వెడల్పు ఉండాలి. మనం పరిగెత్తే అప్రోచ్ 15 అడుగులకి తగ్గకూడదు, దాని మట్టంలో పావు అంగుళం తేడా వరకు ఓకే. ఇవన్నీ టేపు పెట్టి కొలిస్తే అయిపోతాయి, అసలు పరీక్ష లేన్ మట్టం దగ్గర. అడ్డంగా చూస్తే లేన్ ఎక్కడా ఒక పక్కకి వాలకూడదు, మధ్యలో గుంట పడకూడదు, గుబ్బ లేవకూడదు, ఎంత వరకు అంటే అంగుళంలో వెయ్యి భాగాలు చేసి అందులో 40. మన లేత్ మెషిన్ షాపుల్లో 'థౌ' అంటారే అదే, 40 థౌ. ఒక మిల్లీమీటర్ అనుకోండి. మీ జేబులో క్రెడిట్ కార్డు మందం 30 థౌ ఉంటుంది, దానికి ఇంకొంచెం ఎక్కువంతే. ఆ మాత్రం తేడా 41న్నర అంగుళాల వెడల్పు మీద. మా నంద్యాలలో మా ఇంటి వరండా నేల అయితే ఆ పరీక్షకి పది నిమిషాల్లో ఫెయిల్, గోళీ వదిలితే గేటు దాకా వెళ్లిపోతుంది.

ఎలా చూస్తారంటే, ముందు నూనె మొత్తం తుడిచేశారు, వాలంటీర్లు సాక్సులతో లేన్ మీదకెళ్లారు, నన్నూ బూట్లు విప్పమన్నారు. ఇంతకాలం ఫౌల్ లైన్ దాటితే బజ్జర్ మోగే చోట మనం సాక్సులతో నడుస్తుంటే ఏదో గర్భగుడిలోకి రానిచ్చినట్టు ఉంది. చేతిలో లేన్ అంత వెడల్పు ఉన్న గట్టి మెటల్ బద్ద, దాని మీద రసమట్టం. అవును, మేస్త్రి వాడే రసమట్టమే, కాకపోతే చాలా సున్నితం, గాజు గొట్టంలో బుడగ మనం పక్కన గట్టిగా అడుగేస్తే కదులుతుంది. బద్దని లేన్‌కి అడ్డంగా పెడతారు, బుడగ మధ్యకొచ్చే దాకా ఒక చివర సన్న రేకులు దూరుస్తారు, ఎన్ని థౌ రేకు పడితే అంత వాలు అన్నమాట. మళ్లీ బద్ద కిందకి ఒంగి టార్చ్ వేసి చూస్తారు, అవతలి నుంచి వెలుతురు కనపడితే అక్కడ పల్లం ఉంది. ఇలా లేన్ పొడుగునా చోట్లు మారుస్తూ. పోస్ట్‌మాన్ గారు నంబర్ చెప్పడం, నేను రాయడం. 'పద్దెనిమిది, కుడి.' 'ఇరవై రెండు, కుడి.' 'తొమ్మిది, ఎడమ.' ఏదో పంచాయతీ రికార్డు రాస్తున్నట్టు ఉంది.

లేన్ 17 దగ్గరకొచ్చాం. ఇక్కడ నా వ్యక్తిగత బాధ ఒకటి చెప్పాలి. ఆరు నెలలుగా నాకు 17 మీద స్ట్రైక్ పడట్లేదు. బంతి బాగానే వెళ్తుంది, చివర్లో తిరగాల్సినంత తిరగదు, కుడి చివర పదో పిన్ ఒక్కటి నిలబడి నన్ను చూస్తుంటుంది. నా మణికట్టు తప్పేమో అనుకున్నా, యూట్యూబ్ అంతా చూశా, బంతి తప్పేమో అని 200 డాలర్లు పెట్టి ఇంకో బంతి కొన్నా, 15 పౌండ్లది, ఇంట్లో గ్యారేజ్‌లో దాచి రెండు వారాల తర్వాత బయటపెట్టా. అలాంటి 17 మీద 35 అడుగుల దగ్గర బద్ద పెట్టి పోస్ట్‌మాన్ గారు రేకులు దూరుస్తున్నాడు, దూరుస్తూనే ఉన్నాడు, ఆగి, కళ్లజోడు సర్దుకుని, మళ్లీ చూసి, '52, కుడి' అన్నాడు. 

నేను పెన్ను పక్కన పెట్టేశా. కుడికి! పదో పిన్ వైపుకి! నా తప్పు కాదు!

టీచర్ గారు నవ్వింది. 'అందరూ అదే అంటారు' అంది. అప్పుడు కూర్చుని లెక్కేశా, ఇంజనీరింగ్ చదివిన పాపానికి. మీటర్ వెడల్పుకి మిల్లీమీటర్ వాలు, బంతి ఫౌల్ లైన్ నుంచి పిన్ దగ్గరకి వెళ్లడానికి దాదాపు రెండున్నర సెకన్లు, లేన్ పొడుగునా అదే వాలు ఉంటే భూమి ఆకర్షణ ఒక్కటే బంతిని దాదాపు అంగుళం పక్కకి లాగుతుంది. అంగుళం అంటే ఒక బోర్డు. చూడ్డానికి ఏమీ కాదు, కానీ 1వ పిన్‌కీ 3వ పిన్‌కీ మధ్య సందులో ఎక్కడ తగిలిందనే దాని మీదే కదా పదీ పడటమూ తొమ్మిది పడటమూ. నాకు ఒక్క చోటే వాలు ఉంది కాబట్టి అందులో సగమో పావో, మిగతాది నా మణికట్టే అని ఒప్పుకుంటున్నా. కొత్త బంతి వెనక్కిచ్చే ఛాన్స్ లేదు లెండి.

ఎందుకు వాలింది? ఇది నాకు భలే నచ్చింది. ఉత్తర టెక్సస్ నేల నల్ల బంకమట్టి. బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. మన నల్లరేగడి గుణమే దానికీ ఉంది, వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుని నోళ్లు తెరుస్తుంది. ఇక్కడ ఇళ్లు కొన్నవాళ్లకి తెలుసు, ఎండాకాలం ఇంటి చుట్టూ సోకర్ హోస్ (పొడుగునా నీళ్లు ఊరే గొట్టం) పెట్టి పునాదికి నీళ్లు పడతాం, మా నాన్న మొదటిసారి వచ్చినప్పుడు 'మొక్కలు లేని చోట నీళ్లెందుకురా' అంటే 'ఇంటికి నాన్నా' అన్నా, ఆయన వెంటనే అర్థం చేసుకున్నాడు, మా దగ్గర రేగడిలో ఇల్లు కట్టాలంటే పునాది గుంటలో ఇసుక పోస్తారు కదా. అదే మట్టి మీద ఇంత పెద్ద బిల్డింగ్, లోపల 32 లేన్లు, ఒక్కోటి 60 అడుగులు, దాంట్లో మిల్లీమీటర్ కదలకూడదంటే ఎలా? తాత గోడ వైపు చూపించి చెప్పాడు, 17కి దగ్గర్లో నేల కింద ఒక పాత అతుకు ఉంది, వరసగా రెండు ఎండలు గట్టిగా కాసేసరికి ఆ భాగం దిగింది అని. ఆయనకి ముందే డౌటుంది, లేన్ మీద బంతిని నెమ్మదిగా వదిలి చూస్తే తెలుస్తుందట, కాకపోతే ఎంతో తెలీదు.

సెంటర్‌కి టైం ఇచ్చారు, సరిచేయమని. తాత రెండు రోజుల్లో చేసేశాడు, నేను సెలవు పెట్టి మరీ వెళ్లి చూశా. పైన కనపడేది సింథటిక్ ప్యానెళ్లు, వాటి కింద పాత చెక్క లేనే ఉంది ఇంకా, మొదట్లో బంతి దబ్ మని పడే చోటా పిన్లు నిలబడే చోటా గట్టి మేపుల్, మధ్యలో పైన్, పాతకాలపు పద్ధతి. పక్కన గట్టర్ ఊడదీశాడు, పక్కనుంచి కిందకి పడుకుని టార్చ్ నోట్లో పెట్టుకుని, లేన్‌ని మోసే దూలాల దగ్గర పలచటి షిమ్‌లు (ఎత్తు సరిచేసే సన్న ముక్కలు) దూర్చాడు, ఒకటి పెట్టడం, పైకి లేచి బద్దతో చూడటం, మళ్లీ పడుకోవడం. డెబ్భై ఏళ్లకి దగ్గరపడిన మనిషి. చిన్నప్పుడు క్యారమ్ బోర్డు ఒక మూల దిగితే స్టూలు కాలు కింద మడిచిన న్యూస్ పేపర్ పెడతాం చూడండి, అదే పని, కాకపోతే ఇక్కడ పేపర్ ఒక మడత ఎక్కువైతే అవతలి పక్కకి వాలిపోతుంది. సాయంత్రానికి 52 కాస్తా 11కి వచ్చింది. 40 లోపు వస్తే చాలు కదా అన్నా. 'నలభై వాళ్ల లెక్క, ఇది నా లెక్క' అన్నాడు. వారం తర్వాత పోస్ట్‌మాన్ గారు మళ్లీ వచ్చి చూసి సంతకం పెట్టాడు.

మట్టం సంవత్సరానికోసారి పని. నూనె రోజువారీ పని. లేన్ మీద నూనె ఉంటుందని చాలామందికి తెలీదు, 'ఎంత పాలిష్‌గా ఉందో' అనుకుంటారు. ఒక లేన్‌కి పట్టేది ఇరవై ముప్పై మిల్లీలీటర్లు, మన పోపు గరిటెలో సగం కూడా ఉండదు, దాన్ని దాదాపు 40 అడుగుల దాకా పరవాలి, చివరి 20 అడుగులు పొడిగా వదిలేయాలి. దోసె పెనం మీద ఉల్లిపాయ చెక్కతో నూనె రాస్తాం చూడండి, అంత పలచగా. బంతి నూనె మీద జారుతుంది, పొడి నేల తగలగానే పట్టు దొరికి తిరుగుతుంది, ఆట మొత్తం ఇదే. మామూలు రోజుల్లో వేసే హౌస్ షాట్‌లో మధ్యలో నూనె ఎక్కువ, అంచుల్లో తక్కువ, అందుకని గురి కొంచెం తప్పినా బంతి లోపలికొస్తుంది, మనలాంటివాళ్ల కోసం పెట్టిన దారి. సీరియస్ టోర్నీలకి స్పోర్ట్ ప్యాటర్న్ వేస్తారు, మధ్యకీ అంచుకీ తేడా 3కి 1 దాటకూడదు, దాని మీద నా యావరేజ్ 170 నుంచి 140కి పడిపోయింది, అదీ మన అసలు రేంజ్.

తాత నూనె మెషిన్ నడపడం చూడాలి. పెద్ద లగేజ్ సూట్‌కేస్ అంత ఉంటుంది, లేన్ మొదట్లో పెట్టి బటన్ నొక్కితే అదే వెళ్తుంది, ముందు క్లీనర్ చల్లి పాత నూనె ఎత్తి పీల్చేస్తూ వెనకాలే కొత్తది రాసుకుంటూ పోతుంది, వెనక్కొస్తుంది. వేరే చోట్ల అయితే మెషిన్ వదిలేసి కుర్రాడు ఫోన్ చూసుకుంటాడు. ఈయన ప్రతి లేన్ అవగానే వంగి చూస్తాడు, పీల్చే రబ్బరు అంచు ఎక్కడైనా చీలితే సన్న గీతలా పాత క్లీనర్ తడి మిగిలిపోతుందట, ఆ గీత మీద బంతి పడితే అడ్డదిడ్డంగా పోతుంది. గీత కనపడితే ఆపేసి రబ్బరు తిప్పుతాడు. లీగ్ రోజున నూనె మా ఆట టైంకి గంట ముందు వేయడం మొదలుపెడతాడు, పొద్దునే వేసి సాయంత్రానికి 'ఫ్రెష్' అని చెప్పే బాపతు కాదు. మూడో గేమ్ వచ్చేసరికి మన బంతులే నూనెని పీల్చేసి కొంత ముందుకీ ఈడ్చేస్తాయి, అది ఎవరి తప్పూ కాదు, అప్పుడు మనం జరిగి నిలబడాలి.

నూనె ఇంత పెద్ద విషయమా అనేవాళ్లకి తాతే ఒక కథ చెప్పాడు, తర్వాత నేను చూసుకుంటే నిజమే, బౌలింగ్ వాళ్లందరికీ తెలిసిన కథ. 1982 జూలై 1న కాలిఫోర్నియాలో లా హాబ్రా 300 బౌల్ అనే చోట గ్లెన్ అలిసన్ అనే ఆయన లీగ్‌లో వరసగా మూడు గేములు 300, 300, 300 కొట్టాడు. 36 స్ట్రైకులు. 900. అంతకుముందు లీగ్‌లో రికార్డుకెక్కిన 900 ఒక్కటీ లేదు. బౌలింగ్ కాంగ్రెస్ వాళ్లు లేన్లు చెక్ చేసి, నూనె రూల్ ప్రకారం లేదు అని ఒప్పుకోలేదు. ఆయనేం చేశాడు పాపం, నూనె ఆయన వేశాడా? వేసినవాడు వేరే, పోయింది ఈయన రికార్డు. అందరూ ఒప్పుకున్న మొదటి 900 కోసం 1997 ఫిబ్రవరి దాకా ఆగాల్సొచ్చింది, నెబ్రాస్కా లింకన్‌లో జెరెమీ సోనెన్‌ఫెల్డ్ అనే కాలేజీ కుర్రాడు కొట్టాడు. తాత ఈ కథ చెప్పేటప్పుడు ఆయన బాధ అంతా లేన్ చూసుకున్నవాడి మీదే. 'ఆ రాత్రి వాడికి నిద్ర పట్టి ఉంటుందా' అన్నాడు రెండుసార్లు.

పిన్లు కూడా తూస్తారని నాకు తెలీదు. ఆ శనివారమే కొన్ని పిన్లు తీసి కాటా మీద పెట్టారు, ఒక్కోటి 3 పౌండ్ల 6 ఔన్సుల నుంచి 3 పౌండ్ల 10 ఔన్సుల మధ్య ఉండాలి, అంటే కిలోన్నరకి కాస్త ఎక్కువ, ఎత్తు 15 అంగుళాలు. మనం 15 పౌండ్ల బంతితో రోజంతా కొడుతుంటే పైన ప్లాస్టిక్ పొర పగిలి మెడ దగ్గర పెచ్చులూడతాయి. రెండు పిన్లు పక్కన పడేశారు. వాటిలో ఒకటి నేను అడిగి తెచ్చుకున్నా, మా బాబు దాన్ని క్రికెట్ బ్యాట్‌లా వాడుతున్నాడు.

ఇంకో మాట, కొత్త సెంటర్లలో చాలా చోట్ల పిన్లకి పైన తాళ్లు కడుతున్నారు, కొట్టగానే తోలుబొమ్మల్లా పైకి లేచిపోతాయి. మెయింటెనెన్స్ తక్కువ, కరెంట్ తక్కువ, మెకానిక్ అక్కర్లేదు, ఓనర్లకి హ్యాపీ. 2023 ఆగస్టు నుంచి యూఎస్‌బీసీ కూడా వాటిని వేరే కేటగిరీగా సర్టిఫై చేస్తోంది, మామూలు పిన్ల స్కోర్లతో కలపరు. నేను ఆడి చూశా, పిన్ పడబోయి తాడు పట్టుకుని ఆగిపోయినట్టు అనిపిస్తుంది నాకు, సౌండ్ కూడా చప్పగా ఉంది. పిల్లలకి ఏం తేడా తెలీదు, వాళ్లకి ఓకే. ఇక్కడ మాత్రం పాత మెషిన్లే, రాత్రికి ఒకటి రెండు సార్లు ఏదో ఒక పిన్ ఇరుక్కుని ఆగిపోతుంది, మైక్‌లో 'లేన్ తొమ్మిది' అని అరుస్తారు, ఐదు నిమిషాలు కూర్చోవాలి. కొందరికి చిరాకు. నాకైతే ఆ గ్యాప్‌లోనే కబుర్లు.

ఇంకా కంప్లయింట్స్ ఉన్నాయి, ఓనర్ ఎవరో గానీ పైసా తీయడు. తాతకి అసిస్టెంట్ కావాలని రెండేళ్లుగా అడుగుతున్నాడట, ఇవ్వలేదు. ఆయన ఒక వారం మోకాలి ఆపరేషన్‌కి వెళ్తే ఆ గురువారం నూనె వేసినవాడు లేన్ 4 మర్చిపోయాడు, పూర్తిగా పొడి, మొదటి బంతి వేసిన ఆవిడది సగంలోనే ఎడమ గట్టర్‌లోకి వెళ్లిపోయింది, ఆవిడ వెనక్కి తిరిగి మా అందరినీ చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఈ ఒక్క మనిషి మానేస్తే ఈ రివ్యూ మళ్లీ రాయాలి, అప్పుడు రెండు స్టార్లే.

వెళ్లాలనుకునేవాళ్లకి: శుక్ర, శని రాత్రి వద్దు, లైట్లార్పి డిస్కో పెడతారు, పిల్లలు గట్టర్ బంపర్లు ఎక్కి గెంతుతుంటారు. ఆదివారం పొద్దున పది గంటలకి వెళ్లండి, అప్పుడే నూనె వేసి ఉంటుంది, జనం ఉండరు. తినేసి వెళ్లండి, మళ్లీ చెబుతున్నా నాచోస్ జోలికి పోకండి. సాక్సులు రెండు జతలు తీసుకెళ్లండి. బయట తిండి తేనివ్వరు గానీ ఫ్లాస్కులో టీ చూసీ చూడనట్టు వదిలేస్తారు, ఒక కప్పు తాతకి ఇస్తే అల్లం ఎక్కువ వేశావా అని అడుగుతాడు. కౌంటర్‌లో ఏ లేన్ కావాలని అడిగితే 17 చెప్పండి, ఆయన ఇంకా వారానికోసారి దాని మీద బద్ద పెట్టి చూసుకుంటున్నాడు.